స్లో సిగ్నల్

ఊళ్లో సగం మంది కళ్లు పరీక్షించే అమ్మాయి ఒక చేతిని తప్పుగా చదివిందంటే ఎవరూ నమ్మరు. కానీ చదివింది. ఒకరోజూ రెండ్రోజులూ కాదు, ఐదు నెలలు.

కింద కళ్లజోళ్ల షాపు, పైన ఆమె గది. అమ్మ పోయాక ఆ గదిలో రెండో కుర్చీ బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. పగలంతా "పై లైను చదవండి, ఇప్పుడు కింద లైను" అంటూ వచ్చినవాళ్లందరితో మాట్లాడుతుంది. షట్టరు దించాక పలకరించేవాళ్లు లేరు, ఫోన్లో అక్క తప్ప.

"ఎవరైనా ఉన్నారా, చెప్పవే," అని అక్క పోరు.

"ఒక చెయ్యి ఉంది," అంది ఓసారి.

"చెయ్యేమిటే, నీ మొహం!"

నిజంగా చెయ్యే. రోజూ సాయంత్రం ఆరింటికి రోడ్డుకి ఆ పక్కగా ఒక ఆకుపచ్చ కారు వచ్చేది, తాతల కాలం నాటిది. షాపు ఎదుటికి రాగానే మెల్లబడేది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, నెమ్మదిగా పైకీ కిందికీ ఊగేది. వారం రోజులు చూసి, అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ తనూ చెయ్యి ఊపింది. తర్వాత నటన మానేసింది. ఆరింటికి ఎంత తొందరలో ఉన్న కస్టమరైనా రెండు నిమిషాలు ఆగాల్సిందే.

ఉన్నట్టుండి ఆ చెయ్యి రావడం మానేసింది. కారు వస్తోంది, కిటికీ మూసి ఉంటోంది. వెనక కొత్తగా పసుపు లైట్లు, ఒక ఎర్ర లైటు. మూడు వారాలు ఆమెకి తిండి సహించలేదు. చేతికి పెళ్లి కుదిరిందేమోనని బెంగపెట్టుకున్న మనిషి లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

ఆ సాయంత్రం వాన దంచికొడుతోంది. కారు షాపు ఎదురుగా వచ్చి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కుడివైపు పసుపు లైటు మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. ఆమె గొడుగు తీసుకుని రోడ్డు దాటింది. బానెట్ కింద తల దూర్చిన యువకుడు తడిసి ముద్దయి ఉన్నాడు.

"చెయ్యి నొప్పా?" అంది ఆమె, పలకరింపు కూడా లేకుండా.

"ఆఁ?"

"ఊపడం మానేశారుగా."

అతను ఆమెనీ, గొడుగునీ, తన చేతినీ మార్చి మార్చి చూశాడు.

"లైట్లు పెట్టించానండీ. ఇంత పాత బండికి ఇండికేటర్లు, బ్రేక్ లైటు అక్కర్లేదని రూల్లో ఉంది. చేత్తో సిగ్నల్ ఇస్తే చాలు. కానీ మా పెద్దమ్మ భయపడి పట్టుబట్టి పెట్టించింది. ఒకసారి పెట్టించాక అవి పనిచెయ్యాలి, లేకపోతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వరు."

"రూల్స్ పుస్తకం బట్టీ పట్టారా?"

"ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతానండీ. ఆ పుస్తకం నా చేతిమీదుగానే వెళ్లింది."

"మరి రోజూ నాకు చెయ్యి ఊపింది?"

అతను నీళ్లు నమిలాడు. "అది... స్లో సిగ్నలండీ. ఇక్కడ స్పీడ్ బ్రేకర్ ఉందని, వెనకవాళ్లకి."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. "ఓహో," అని మాత్రం అని, గొడుగు అతని చేతిలో పెట్టేసి, తడుస్తూ వెనక్కి పరిగెత్తింది.

షట్టరు సగం దించి, రోగులు కూర్చునే కుర్చీలో కూలబడింది. సిగ్గు సంగతి అలా ఉంచితే, అంతకంటే ఎక్కువ బాధించినది ఇంకొకటుంది. రోజుకొక్కసారి తనకోసం మెల్లబడే మనిషి ఒకడున్నాడని ఐదు నెలలు బతికింది. అతను మెల్లబడింది రోడ్డు మీద గతుకు కోసం. ఏడుపొచ్చింది. ఏడ్చింది.

బయట ఒక స్కూటరు రయ్యిన దూసుకుపోయింది. దాని వెనకే వ్యాను. ఏదీ మెల్లబడలేదు. ఆమె ముక్కు తుడుచుకుని లేచింది.

షట్టరు ఎత్తి, వానలోనే మళ్లీ రోడ్డు దాటింది. అతను గొడుగు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, స్పీడ్ బ్రేకర్ ఎక్కడుంది?"

అతను రోడ్డు వైపు చూడలేదు. "తీసేశారు."

"ఎప్పుడు?"

"తారు వేసినప్పుడు. నాలుగు నెలలైంది."

"మరి ఈ నాలుగు నెలలూ?"

"మొదటి నెల నిజంగా స్పీడ్ బ్రేకరేనండీ," అన్నాడతను నేరం ఒప్పుకుంటున్నట్టు. "ఈలోగా మీరు తిరిగి చెయ్యి ఊపారు. రోజంతా ఒక్కణ్నే ఎవరో రాసిన తప్పులు దిద్దుకుంటూ కూర్చుంటాను. నన్ను చూసి చెయ్యి ఊపే మనిషి మీరొక్కరే. గతుకు పోయినా మానలేకపోయాను."

"మరి లైట్లు రాగానే ఎలా మానేశారు?"

"సాకు పోయింది కదండీ. సాకు లేకుండా ఊపాలంటే ధైర్యం కావాలి."

పసుపు లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఆమె నవ్వాపుకోలేక గొడుగు కిందికి జరిగింది.

"ఈ లైట్లు తీసేయించండి," అంది.

"పెద్దమ్మ ఊరుకోదండీ."

"పెద్దమ్మతో నేను మాట్లాడతాను. ఇల్లెక్కడో చెప్పండి."