ఫ్రిజ్‌లో బొడ్డుతాడు

పెళ్లయి యాభై రోజులైంది. పోర్టు డ్యూటీకి వెళ్తూ భర్త పెంచల్ తన గ్లాసులోంచి ఒక గుక్క కాఫీ దొంగతనంగా తాగి పోయాడని వినీల ఇంకా నవ్వుకుంటూనే ఉంది. ఆ నవ్వుతోనే ఫ్రిజ్ తెరిచింది. పెరుగు గిన్నె పక్కన ఉండాల్సిన తెల్ల డబ్బా లేదు.

“అత్తమ్మా, ఇక్కడ నా డబ్బా ఉండాలే?”

“మూత తీసి చూసినాలే. ఏందే అది, పామా, పేగా?” అంది ఆదిశేషమ్మ దోసె తిరగేస్తూ.

“బొడ్డుతాడు! నా రీసెర్చ్ కోసం. నిన్న నెల్లూరు వెళ్లేసరికి ల్యాబ్ మూసేశారు. మీకు చెప్పమని ఆయనకు చెప్పాను కదా!”

“వాడా? వాడికి ఉప్పు తెమ్మని చెప్తే పప్పు తెస్తాడు. ఎవరి బిడ్డదో తెచ్చి నా పెరుగు పక్కన పెడతావా? పసుపేసి నిమ్మచెట్టు కింద పూడ్చినాను.”

వినీల గరిటె అందుకుని గట్టున ఠంగుమని కొట్టింది. ఇంటికి తేవడం తన తప్పే. కానీ మూడు నెలలుగా ఆసుపత్రి చుట్టూ తిరిగితే దొరికింది అదొక్కటే. ఈ వారం ప్రయోగం మొదలుపెట్టకపోతే ఫెలోషిప్ ఆగిపోతుందని గైడు చెప్పేశారు.

“దాంతో ఏం చేస్తావు?”

“ఆ తాడులో రక్తనాళం ఉంటుంది. దాని లోపలి పొరలోని కణాలను పెంచుతాను. ఆ కణాల్లో కొన్ని ఆర్ఎన్ఏలు ప్రోటీన్‌ను తయారుచెయ్యవు. పనికిరానివని ఒకప్పుడు వదిలేశారు. కానీ ఏ జన్యువు ఎంత పనిచెయ్యాలో చెప్పేవాటిలో అవీ ఉన్నాయి. షుగర్ ఎక్కువైతే ఆ పొర పాడవుతుంది. దాన్ని కాపాడేవి ఏవో తెలియాలి. మీకు చెప్పి ఏం లాభం!”

“ఆ తల్లి ఎందుకిచ్చింది మరి?”

“వాళ్లమ్మకు షుగర్‌తో కాలు తీసేశారు. ఇంకెవరికీ అట్లా కాకూడదని సంతకం పెట్టింది.”

పెనం మీద దోసె మాడుతోంది. ఆదిశేషమ్మ తిప్పలేదు. కాసేపటికి పొయ్యి కట్టేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఆ తల్లికి నేనే చెప్తాను. పద.”

ప్రసూతి వార్డులో, బొడ్డుతాడు ఇచ్చిన కరుణాకుమారి మంచం దగ్గర ఆదిశేషమ్మ చేతులు జోడించింది. “తప్పు నాది తల్లీ. తెలియక పూడ్చేసినాను.”

కరుణాకుమారి పొత్తిళ్లలో బిడ్డను సర్దుకుంటూ, “పసుపేసినారా?” అంది.

“ఏసినాను.”

పక్క మంచం మీద నిండు గర్భిణి తల తిప్పింది. “బొడ్డుతాడు ఇచ్చింది దేనికక్కా?”

వినీల నోరు తెరిచేలోపు ఆదిశేషమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

“రక్తం పారే గొట్టం లోపల పల్చటి పొర ఉంటుందంటమ్మా. దాంట్లో కొన్ని ఏమీ తయారుచెయ్యవంట. పక్కన నిలబడి, నువ్వు ఆగు, నువ్వు కానీయ్ అంటుంటాయంట, ఇంట్లో అత్త మాదిరి. వాటిల్లో మంచియ్యేవో, చెడ్డయ్యేవో మా పిల్ల కనిపెడతా ఉంది.”

వార్డంతా నవ్వింది. వినీలకు మాత్రం కన్నీళ్లలో అత్త ముఖం మసకగా కనిపించింది.