తాండ్ర బల్ల కింద భానుమూర్తి

రాజ్యలక్ష్మి ఒక మగమనిషిని కర్రతో కొట్టడం అదే మొదటిసారి. కొట్టేముందు అతని మొహం కూడా చూడలేదు. చూడటానికి మొహం బయట ఉంటేగా, అది బల్ల కింద ఉంది. బయట ఉన్నవి రెండు కాళ్ళు, వాటికో ఖాకీ ప్యాంటు, పక్కనే ఓ తోలు సంచీ.

ఎనభై నాలుగో సంవత్సరం, ఏప్రిల్ నెలాఖరు. చాట్రాయి చుట్టుపక్కల తోటల్లో రసాలు దిగుతున్న రోజులు. పెరట్లో బల్ల మీద మామిడి తాండ్ర మూడో పొర ఆరుతోంది. కాకులూ తేనెటీగలూ దాని జోలికి రాకుండా కాపలా కాయడం రాజ్యానికి వేసవి సెలవుల డ్యూటీ. మిగతా పది నెలలూ ఆమె ఊరి బళ్ళో మూడో తరగతి టీచరు. కర్ర పట్టుకోవడం ఆమెకి కొత్త కాదు, వాడటమే కొత్త.

"అబ్బా" అన్నాడు కాళ్ళ తాలూకు మనిషి.

"ఎవరు మీరు? తాండ్ర ఎత్తుకుపోదామనా?"

"తాండ్ర కోసం కాదండీ. బల్ల కోసం."

దొంగలు ఇంత నిజాయితీగా మాట్లాడతారని రాజ్యం ఎప్పుడూ వినలేదు. కర్ర దించలేదు గానీ, రెండో దెబ్బ వాయిదా వేసింది.

మనిషి బయటికొచ్చాడు. పాతికేళ్ళుంటాయి. కళ్ళజోడు నిండా బూజు, జుట్టులో గడ్డిపోచ. ఆ బూజులోంచే బల్లని చూస్తున్న చూపు మాత్రం తప్పిపోయిన మేనత్తని రైల్వే స్టేషన్లో గుర్తుపట్టినవాడి చూపులా ఉంది.

"నా పేరు భానుమూర్తండీ. నూజివీడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్ని. మొన్న బజార్లో తాండ్ర కొన్నాను. తాండ్రంటే అడుగున చాప గుర్తులుండాలి కదండీ. ఇది అద్దంలా నున్నగా ఉంది. ఎలాగని అడిగితే, చాట్రాయి వైపు ఒకావిడ దీపాల బల్ల మీద ఆరబెడతారు, ఆ బల్లలో ఇనప బంతి దొర్లేదట అన్నాడు కొట్టాయన. అంతే, భోజనం సయించలేదు."

"బల్ల చూడటానికి మనుషుల్ని పిలవాలని తెలీదా?"

"పిలిచానండీ. ఎవరూ పలకలేదు. ఈలోగా బల్ల కనిపించింది." ఆ తర్వాత ఏం జరిగిందో తనకీ సరిగ్గా తెలీదన్నట్టు చేతులు చూపించాడు.

ఈ గొడవకి రాజ్యం నాయనమ్మ సౌభాగ్యలక్ష్మిగారు వంటింట్లోంచి వచ్చారు. ఊరందరికీ ఆవిడ మామ్మగారు. చేతులు మోచేతుల దాకా మామిడి రసంలో ఉన్నాయి. రాజ్యం నాన్న చింతలపూడిలో పోస్టుమాస్టరు, అమ్మా అక్కడే. ఉద్యోగం ఇక్కడొచ్చింది కాబట్టి రాజ్యం మామ్మ దగ్గరే ఉంటోంది.

"మామ్మగారూ, ఇది పిన్‌బాల్ మిషన్ అండీ, పిడి లాగి బంతి వదిలి ఆడే ఆట. ఎంత అరుదైందో మీకు తెలీదు" అని మొదలుపెట్టాడు భానుమూర్తి. తన దగ్గర అలాంటివి నాలుగున్నాయట. ఒకటి హనుమాన్ జంక్షన్‌లో లారీ షెడ్డులో టైర్ల కింద దొరికింది. ఇంకోదానికి బంతిని తన్నే చెక్కలే లేవు, అంత పాతది. వదిలాక ఆ బంతికి దేవుడే దిక్కు. మూడోదాంట్లో బొమ్మ గుర్రాలు పరిగెత్తుతాయి. నాలుగోదాని మీద అతను భోంచేస్తాడు. అద్దె గదిలో అవి పోగా మిగిలిన చోట చాప సగం మడిచి పడుకుంటాడు.

"అమ్ముతారా అండీ?" అన్నాడు చివరికి.

మామ్మగారు చేతులు కడుక్కుని వచ్చి మరీ జవాబు చెప్పారు.

"మీ తాతయ్య" అన్నారు, అతనికి చెబుతూ రాజ్యం వైపు చూసి, "కాకినాడ పోర్టాఫీసులో పనిచేసేటప్పుడు ఓడలవాళ్ళ క్లబ్బు ఒకటి మూసేస్తుంటే తెచ్చారు దీన్ని. ఈ పిల్ల పుట్టిన ఏడే. అప్పటికి ఈ ఊళ్ళో కరెంటే లేదు. 'ఇది నా మనవరాలి సారె, దాంతోపాటు అత్తారింటికి వెళ్ళాల్సిందే' అన్నారు. ఆయన మాట. అమ్మేది కాదు నాయనా, అది సారె."

భానుమూర్తి మొహం వాడిపోయింది. రాజ్యానికి జాలేసింది, కొట్టిన చోట కాస్త వెన్న రాయమందామా అనుకుని, పరాయి మగవాడితో ఆ మాట ఎలా అంటామని ఊరుకుంది.

"పోనీ, బాగు చేస్తానండీ" అన్నాడు. "ఊరికే. ఆడితే చూడాలని, అంతే."

"ఇరవై పొరలు అయ్యేదాకా బల్ల కదపకూడదు, అద్దం తియ్యకూడదు" అన్నారు మామ్మగారు. "కిందనించి చేసుకుంటే చేసుకో."

అలా భానుమూర్తి బల్ల కింద కాపురం పెట్టాడు.

రోజు విడిచి రోజు, పొద్దుటి షిఫ్టు దిగి మూడింటి బస్సులో వచ్చేవాడు. ఈతచాప పరుచుకుని, అడుగు పలక విప్పి, వెల్లకిలా పడుకుని పని చేసేవాడు. పైన స్టూలు మీద కర్రతో రాజ్యం. ఆమెకి అతని కాళ్ళే కనిపించేవి, అతనికి ఆమె పాదాలే. మొహాలు కనిపించకపోతే మనుషులకి మాటలు ఎంత సులువుగా వస్తాయో రాజ్యానికి అప్పుడు తెలిసింది.

"ఇందులోవీ మా ఎక్స్ఛేంజిలోవీ ఒకే రకం రిలేలండీ, కరెంటు తగిలితే టక్కున కదిలే మీటలు. అక్కడ హలో అంటే కదుల్తాయి, ఇక్కడ బంతి తగిల్తే."

"అయితే ట్రంకాల్ బుక్ చేసి మూడు గంటలు కూర్చోవాలా?"

"మీకైతే అర్జెంటు కాల్‌లో కలుపుతాను. అద్సరే, ఈ ముందుకాళ్ళ కింద ఇటుకలు ఎవరు పెట్టారండీ?"

"మామ్మ. బల్ల వాలుగా ఉంటే రసం ఒక పక్కకే జారిపోదూ?"

కింద నిట్టూర్పు వినిపించింది. "వాలుంటేనేగా ఆటండీ. చదునుగా ఉంటే వెళ్ళిన బంతి వెళ్ళినచోటే ఉండిపోతుంది."

"నిజమే. ఏడేళ్ళప్పుడు ఒకసారి లాగి వదిలాను. మళ్ళీ రాలేదు. రెండ్రోజులు ఏడ్చాను."

"దొరుకుతుందిలెండి" అన్నాడు.

బల్ల తలకాయలాంటి వెనక పెట్టె మీద ఎప్పుడూ పాత చీరముక్క కట్టి ఉండేది. దానికింద అద్దం మీద, ఉయ్యాల ఎక్కిన ఒక దొరసాని పిల్ల బొమ్మ. పిల్ల గౌను మోకాళ్ళ దాకా లేదని మామ్మగారే కట్టారు. లెక్కకి తగ్గట్టు బంతి తగిలితే ఆ ఉయ్యాల నిజంగా ఊగుతుందట. దేశంలో ఇలాంటిది ఇంకొకటి ఉంటే చెవి కోయించుకుంటానన్నాడు భానుమూర్తి.

మే రెండో వారంలో, తాండ్ర పద్నాలుగో పొర మీద ఉండగా వాన పట్టుకుంది. ఉరుము లేదు, మెరుపు లేదు, ఆరేసిన బట్టల్లోకి నేరుగా దిగింది. బల్లని మొయ్యాలంటే నలుగురు కావాలి, ఉన్నది ఇద్దరు. భానుమూర్తి కిందనించి దూకి వచ్చాడు. టార్పాలిన్ చెరో పక్కా పట్టుకుని, చేతులు చాపి, బల్లకి అటూ ఇటూ నించున్నారు. వాన బల్లని వదిలేసి వాళ్ళిద్దర్నీ తడిపింది.

అతని కళ్ళజోడు మీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. రాజ్యానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి అతనూ నవ్వాడు. తర్వాత ఇద్దరూ నవ్వడం మానేశారు గానీ చూడటం మానలేదు.

"రాజ్యంగారూ."

"చెప్పండి."

గొంతు సవరించుకున్నాడు. ఆమె టార్పాలిన్ గట్టిగా పట్టుకుంది.

"రిలే ఒకటి మొండికేస్తోందండీ. ఇంకో వారం పట్టేట్టుంది."

ఆమెకి ఆ టార్పాలిన్ అతని నెత్తిన వేసి చుట్టేద్దామా అన్నంత కోపం వచ్చింది.

మర్నాడు తోటలో కాయ కోసే సాంబయ్య బుట్ట దించుతూ అన్నాడు, "అమ్మాయిగారూ, ఆ టెలిఫోనాయన తెలివైనోడేనండి. బల్ల అమ్మరని తెలిసింది గదా. బల్లెక్కడికి పోద్దో అటే బేరం పెట్టాడు."

సాంబయ్య సరదాకే అన్నాడు. రాజ్యానికి మాత్రం అన్నం ముద్ద దిగలేదు. వంకాయలు కొంటే గుప్పెడు కరివేపాకు పడేస్తారు చూడండి, కొసరు. తన బతుకు ఆ కరివేపాకేనా?

తర్వాత రోజు అతని కాళ్ళు చాప మీదికి చేరగానే అడిగేసింది. "చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకండీ. మీరు వస్తున్నది బల్ల కోసమా, ఇంకెవరి కోసమైనానా?"

కింద ఠప్పున చప్పుడైంది, తల పలకకి తగిలింది.

కిందనించే గొంతు వచ్చింది. "నేనేం చెప్పినా మీరు నమ్మే దారి లేదండీ. ఆ సారె మాట విన్న రోజునించీ ఆలోచిస్తున్నాను."

"అది జవాబు కాదు."

"కాదండీ" అని ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం సంచీ సర్దుకుని, ఈ మిషన్‌కి మన కరెంటు ఎక్కువని మొదటి వారంలోనే తెచ్చిపెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె అరుగు మీదే వదిలేసి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళాడు.

మళ్ళీ రాలేదు.

ఇరవయ్యో తారీకున ఇరవయ్యో పొర ఆరింది. మామ్మగారు కత్తితో అంచులు కోసి తాండ్ర ఎత్తారు. బల్ల అద్దం ఎండలో తళతళలాడింది. ఇన్నాళ్ళూ దేని కోసం కాచుకున్నాడో అది బయటపడ్డ రోజున మనిషి లేడు. మూడింటి బస్సు వచ్చింది, వెళ్ళింది. రాజ్యం రోడ్డు దాకా వెళ్ళి కరివేపాకు కోసుకొచ్చింది, పెరట్లోనే చెట్టు ఉన్నా.

పది రోజులు చూసింది. అతనంటే ఇష్టమని తనకి తాను ఒప్పుకుంది. పదకొండో రోజున సాంబయ్యనీ ఇంకో ముగ్గురినీ పిలిచి బల్లని హాల్లోకి మోయించింది. ఇటుకలు పెట్టొద్దంది. ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి స్విచ్చి వేసింది.

లోపల టకటకమని ఎవరో నిద్రలేచినట్టు చప్పుడు. పసుపూ ఎరుపూ దీపాలు వెలిగాయి. చీరముక్క వెనక ఏదో కదిలింది. రాజ్యం ముడి విప్పింది. ఇరవై రెండేళ్ళుగా ముసుగులో ఉన్న దొరసాని పిల్ల ఉయ్యాల మీద రెండు ఊపులు ఊగి ఆగింది.

మొండికేసిన రిలే ఏదీ?

రాజ్యం కొంగు దోపుకుని బల్ల కింద దూరింది. అతను పడుకున్న చోటే వెల్లకిలా పడుకుంది. అడుగు పలకకి సన్నటి తీగతో ఓ అట్టముక్క కట్టి ఉంది. టెలిఫోన్ మెకానిక్కులు బాగు చేసిన ప్రతిదానికీ అలాంటిది కడతారు, పని ముగిసిన తారీకు వేసి.

'రిలేలు పన్నెండు, దీపాలు ఇరవై, ఉయ్యాల మోటారు ఒకటి. అన్నియు సరిచేయబడినవి. పని పూర్తి: 6-5-84. భా.మూ.'

ఆరో తారీకు. వాన ఎప్పుడు? ఆరో తారీకు దాటాక. అంటే వారం రోజుల పైగా ఈ మనిషి చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని, పని లేకుండా, చీమలు కుడుతున్నా, ఇక్కడ పడుకున్నాడు. అబద్ధమాడి పడుకున్నాడు. ఆ అబద్ధాన్ని పట్టిచ్చే అట్టముక్కని కూడా డిపార్టుమెంటు అలవాటు కొద్దీ తనే కట్టుకున్నాడు.

రాజ్యం బల్ల కింద పడి పడి నవ్వింది. మామ్మగారు వచ్చి, "పిల్లకేమైందిరా సాంబయ్యా" అని అడగాల్సి వచ్చింది.

మర్నాడు తాండ్ర పొట్లంతో నూజివీడు బస్సెక్కింది. మామ్మగారు వద్దనలేదు. పొట్లం పెద్దది కట్టారు.

ఎక్స్ఛేంజిలో అడిగి తెలుసుకుని వెళ్ళేసరికి భానుమూర్తి గది తలుపు తీసే ఉంది. నాలుగు మిషన్ల మధ్య, భోజనాల మిషన్ మీద విస్తరి ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. ఆమెని చూసి లేవబోయి, మోకాలు తగిలి, పక్క మిషన్లో గుర్రాలన్నీ ఒకేసారి కదిలాయి.

రాజ్యం అట్టముక్క విస్తరి పక్కన పెట్టింది.

"ఆరో తారీకుకే పనైపోతే, ఆ తర్వాత బల్ల కింద ఏం చేస్తున్నారండీ?"

అతను అట్టముక్క చూశాడు. ఎవరో పరాయివాడి దస్తూరీ అయితే బాగుండునన్నట్టు మళ్ళీ చూశాడు.

"మీ మాటలు వింటున్నాను" అన్నాడు.

"అది చెప్పడానికేం?"

"ఎలా చెప్పనండీ. మిమ్మల్ని అడిగితే బల్ల కోసం అడిగానంటారు. అడక్కపోతే మీరు దక్కరు. అందుకే మీ మామ్మగారికి ఉత్తరం రాస్తున్నాను, నాలుగుసార్లు చింపాను. ఆ బల్ల మీ దగ్గరే ఉంచుకోండి, నాకు రాజ్యంగారు చాలు అని."

"చాలా తెలివైనవారే. నా సారె వదిలేయడానికి మీరెవరు? బల్ల నాది, నాతో వస్తుంది. మీరు ముట్టుకోవాలంటే నన్నడగాలి."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక జేబులోంచి ఏదో తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఇనప బంతి. నునుపు తేలేదాకా తుడిచి ఉంది.

"లోపలి కాలవలో ఇరుక్కుని ఉంది. ఆరో తారీకునే దొరికింది. ఇచ్చేస్తే ఇక రావడానికి వంక ఉండదని దాచేశాను."

బంతి అతని జేబు వేడికి వెచ్చగా ఉంది. రాజ్యం గుప్పిట మూసింది. "అన్నం తినండి" అంది. "పక్కన తాండ్ర పెట్టుకోండి. అడుగున చాప గుర్తులుండవు."

జూన్ మొదటి ఆదివారం చింతలపూడి నుంచి రాజ్యం నాన్నా అమ్మా వచ్చారు. భానుమూర్తి వాళ్ళమ్మని వెంటబెట్టుకొచ్చాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకున్నారు. మామ్మగారు మాత్రం ఒక షరతు పెట్టారు.

"ఏటా ఎండాకాలం బల్ల ఇక్కడికి రావాలి. నాకు తాండ్ర పెట్టుకోవాలి. బల్లొక్కటే వస్తే ఊరుకోను, మీరిద్దరూ దాంతోపాటు రావాలి."

"అలాగేనండీ" అన్నాడు భానుమూర్తి.

రాజ్యం పిడి లాగి బంతిని వదిలింది. అది పైకి వెళ్ళి, అక్కడా ఇక్కడా టంగుటంగున తగిలి, దొరసాని పిల్లని ఊపి, వాలు వెంట దొర్లుకుంటూ తిన్నగా ఆమె చేతి దగ్గరికే తిరిగొచ్చింది. రాజ్యానికి కళ్ళు చెమర్చాయి, దాచుకోవాలనిపించలేదు.

మామ్మగారు ఆట కాసేపు చూసి, ఉయ్యాల పిల్ల గౌను వైపు చూడకుండా గుమ్మం వైపు తిరిగారు.

"సాంబయ్యా, ఆ ఇటుకలు రెండూ పారెయ్యకు. మళ్ళీ వేసవికి కావాలి."