శోకవిరామం

పదోనాడు గోదావరి రేవులో ధర్మోదకాలు ముగియగానే పురోహితుడు రోదనిక మీట నొక్కాడు. పూర్వమెప్పుడో ఎవరో ఏడ్చిన ఏడుపు ఆ చిన్న పేటికలోంచి రేవంతా వినిపించింది. ఆచారం లోపించకూడదు గనుక బంధువులు తలలు వంచి నిలబడ్డారు. ఎవరి కన్నూ తడవలేదు.

"కాస్త తగ్గించండి శాస్త్రిగారూ, చెవులు హోరెత్తిపోతున్నాయి" అంది మాణిక్యాంబ. తరువాత అన్నభార్య కనకాంబ వైపు వంగి, "ఏడ్చేది ఎవరోగాని వదినా, మన భార్గవ మొహమైనా చూసి ఎరగదు" అంది.

పడవ మునిగి ఒక్కగానొక్క కొడుకు పోయాడన్న కబురు వచ్చినప్పుడు కనకాంబ పొయ్యి మీది కూర మాడకుండా దించి, మూత పెట్టి, అప్పుడు కూర్చుంది.

మెట్లెక్కుతూ భర్తతో అంది: "ఏమండీ, నేను శోకవిరామం తీసుకుంటాను. జాగరికను ఆపించండి."

సోమయాజులు ఆగాడు. అందరి మెడ కింద చర్మంలో గింజంత ఇమిడి ఉండే ఆ జాగరికను రూపొందించిన శాస్త్రజ్ఞులలో ఆయన ఒకడు.

"నీకు తెలియనిదేముంది కనకం? ఫ్లూ వైరస్ కణంలో దూరగానే, ఆ కణం కేక వేసి తక్కిన కణాలను మేల్కొల్పకుండా దాని నోరు నొక్కేస్తుంది. అలా నొక్కే ప్రోటీన్‌ను బంధించే మందు చేశాం. వైరస్ రూపు మార్చుకుని తప్పించుకుంది. అందుకే ఈ జాగరికతో కణాల కేకనే ఆగకుండా చేశాం. ఇప్పుడు ఆపితే నీ ఒంటికి పోరాడే అలవాటే లేదు. ఈ వయసులో ప్రాణం మీదికి వస్తుంది."

"రానివ్వండి. కన్నందుకు వాడికోసం ఒక్కసారైనా ఏడవాలి."

ఆయన వాదించలేదు. వాదించేటంత బాధ ఆయనకు కలగలేదు. ఆ కేకను మోసే ఇంటర్‌ఫెరాన్ సదా ఒంట్లో ఊరుతూ ఉంటే మనసు కొంత మందగిస్తుందని పరిశోధకులకు తెలుసు. మందగించినవారెవరూ ఫిర్యాదు చేయలేదు గనుక అది లోపాల కింద లెక్కకు రాలేదు.

విరామగృహంలో మొదట ఏమీ జరగలేదు. కనకాంబ కొడుకు పేరు పైకి అనుకుని చూసింది. ఎవరి పేరో అన్నట్టే ఉంది. ఆ తరువాత గొంతు మండింది, కీళ్ళు పట్టేశాయి, ఒళ్ళు కాలిపోయింది. జాగరికను మళ్ళీ నడపమంటారా అని వైద్యురాలు రెండుసార్లు అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఒక మధ్యాహ్నం సోమయాజులు జావ చల్లార్చి పెదవులకు అందిస్తుండగా, ఏ కారణమూ లేకుండా ఆమె గుండెలోంచి కేక వచ్చింది. "నాన్నా భార్గవా! నీళ్ళలో ఎంత భయపడ్డావురా తండ్రీ!" అంటూ మంచం పట్టె మీద తల బాదుకుంది. రోదనికలోని ఏడుపులా అది తీరుగా లేదు. మధ్యమధ్య ఊపిరందక తెగిపోయి, మళ్ళీ లేస్తోంది.

సోమయాజులు జావగిన్నె జాగ్రత్తగా కింద పెట్టాడు. ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు.

"ఎక్కడ నొప్పి, కనకం?" అని అడిగాడు.

ఆమె ఏడుపు ఒక్క క్షణం ఆగింది. ఆయన ముఖంలోకి చూసింది. ఆ చేతిని లాక్కుని తన చెంపకు అదుముకుంది. ఈసారి మరింత గట్టిగా ఏడ్చింది. అది కొడుకు కోసం కాదు.

ఆమె వదిలాక ఆయన తడిసిన అరచేతిని చూసుకున్నాడు. తుడుచుకునేందుకు గుడ్డ కోసం చుట్టూ వెతికాడు.