బెల్టు తెగాక

ఆ సాయంత్రం వాన తెరిపి లేకుండా కురుస్తోంది. అక్క తన టాక్సీని నా మెకానిక్ షెడ్డులోకి తెచ్చేసరికి హెడ్‌లైట్లు చమురయిపోయిన దీపాల్లా కొడిగడుతున్నాయి. స్టీరింగు వెనక బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతోంది.

"కొత్త బ్యాటరీ వేసి నెల కూడా కాలేదురా. నీ హస్తవాసి అలాంటిది," అంది అక్క.

"బ్యాటరీ తప్పు కాదక్కా. సంపాదించేవాడు మంచాన పడితే దాచుకున్నది ఎన్నాళ్లొస్తుంది?"

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీకి మీటరు పెట్టి చూశాను. పద్నాలుగు వోల్టులుండాలి. పన్నెండు కూడా లేదు. ఇంజన్ బెల్టు బిగువుగానే ఉంది, వైర్లు బాగానే ఉన్నాయి. ఆ బెల్టుతో తిరిగి బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటరే పోయింది.

వానకి కొట్లన్నీ మూసేశారు. పాత సామాన్ల మూలలో, ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన ఇలాంటి కారులోంచి విప్పిన ఆల్టర్నేటర్ ఒకటుంది. బ్యాటరీ వైరు ఊడదీసి, చెడిపోయింది దించి, దాన్ని బిగించి బెల్టు ఎక్కించాను. చేతులకి తుప్పు వాసన. దాంతోపాటు ఇంకేదో... తడి జుట్టు కాలుతున్న వాసన.

వైరు మళ్లీ తగిలించాను. "ఎక్కి స్టార్ట్ చెయ్యక్కా."

మీటరు పద్నాలుగు చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. పదిహేను. పదహారు. ఆగలేదు. షెడ్డు గోడలు తెల్లబడేంతగా లైట్లు మండాయి.

"ఆపెయ్యక్కా!"

"తాళం తీసేశాన్రా... ఆగట్లేదు." అద్దం అవతల నుంచి ఆమె గొంతు సన్నగా వచ్చింది. "చలేస్తోందిరా."

తలుపు రాలేదు. రెంచితో అద్దాన్ని బాదాను. గీత కూడా పడలేదు. బ్యాటరీ వైరు పీకేశాను. కత్తితో బెల్టు కోశాను. ఇంజన్ ఆగిపోయింది.

లైట్లు ఆరలేదు.

తెగిన బెల్టు నేల మీద పడుంది. ఆల్టర్నేటర్ చక్రం మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది... దేంతో?

లైట్లు పెరిగేకొద్దీ అక్క మొహం పాలిపోతోంది.

"తమ్ముడూ..." పెదాలు మాత్రమే కదిలాయి. "వెనక ఎవరో ఉన్నార్రా."

వెనక సీటు ఖాళీ. కళ్లు చించుకుని చూశాను. ఖాళీ.

వీధిలోకి పరిగెత్తి అరిచాను. వాన హోరు నా గొంతుని మింగేసింది. తిరిగొచ్చి అద్దానికి చెయ్యి ఆనించడం తప్ప నాకింకేం చేతకాలేదు. లోపలి నుంచి అక్క తన చెయ్యి ఆనించింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన చెయ్యి. మెల్లగా... జారిపోయింది.

చక్రం ఆగింది. చీకటి. తలుపు దానంతటదే తెరుచుకుంది.

అక్కని బయటికి లాగాను. మంచుగడ్డలా ఉంది. ఊపిరి ఆడుతోంది... ఉండీ లేనట్టు. భుజాన వేసుకుని గేటు వైపు తిరుగుతుంటే మెరుపు మెరిసింది. ఆ వెలుగులో వెనక సీటు కనిపించింది. ఖాళీ సీటుకి అడ్డంగా సీటు బెల్టు పెట్టి ఉంది. అది బిగుస్తోంది... వదులవుతోంది... ఎవరో గుండెల నిండా గాలి పీల్చుకుంటున్నట్టు.

పరుగందుకున్నాను. గేటు దాటకముందే నా వెనక టక్కుమంది.

ఆ బెల్టు ఊడిన చప్పుడు.