ఊటపుస్తకం

2094లో చంద్రుడి మీద గనిలో షిఫ్టు దిగిన ప్రతి మనిషీ హెల్మెట్ తీయగానే చేసే మొదటి పని, గోడలోంచి వచ్చిన గొట్టంలోకి గట్టిగా ఊదడం. మంచినీళ్ళు కూడా ఆ తరవాతే. ఆ ఊపిరి అంకెలుగా మారి ఊటపుస్తకంలో చేరుతుంది. అక్కడి ధూళి గాజుపెంకుల్లా కోస్తుంది. ఎంత వడగట్టినా ఊపిరితిత్తుల్లోకి దూరుతుంది. ఎంత దూరిందన్నదే కంపెనీకీ పనివాళ్ళకీ పోట్లాట.

ఊటపుస్తకం అంటే డేటాతో పనిచేసే ప్రోగ్రామింగ్ నోట్‌బుక్. పాతకాలం నోట్‌బుక్‌లలోనూ గడులుండేవి, గడికింత కోడ్. పై గడి మార్చి కింది గడి నడపడం మరిచిపోతే నిన్నటి అంకె ఇవాళ్టి నిజంలా కూర్చునేది. చెరిపేసిన గడి విలువ కూడా లోపలెక్కడో బతికే ఉండేది. అలాంటి లెక్కలు చూపించే మందులు అమ్మారు, ఊళ్ళు ఖాళీ చేయించారు. హసీనాకు ఒళ్ళు మండింది. కడప పిల్ల. కాలేజీ గడప తొక్కలేదు, యంత్రాలు బాగుచేస్తూ కోడ్ నేర్చుకుంది. ఎనిమిదేళ్ళు కూర్చుని ఊటపుస్తకం కట్టింది. ఇందులో ఒక గడి మారిస్తే తూము ఎత్తినట్టు కింది గడులన్నీ వాటంతటవే మారతాయి. ఏ అంకెనైనా వేలితో తాకితే అది పుట్టిన ఊట దాకా తీసుకెళుతుంది.

ఆ రోజు రాతికప్పు కింది హాల్లో విచారణ. చట్టం సూటిగానే ఉంది. మూడేళ్ళలో ఊపిరి సత్తువ సగటున ఇరవై అయిదు శాతం మించి పడిపోతే ఆరు గంటల షిఫ్టు నాలుగు గంటలవుతుంది. ఇరవై దాటకపోతే కంపెనీ ఏడు గంటలు చేయించుకోవచ్చు. కంపెనీ మేనేజరు రఘునందన్ తన లెక్క చూపించాడు: పంతొమ్మిది పాయింట్ ఎనిమిది.

యూనియన్ తరఫున హసీనా లేచింది. గోడ మీద తన అంకె వెలిగింది: ఇరవై అయిదు పాయింట్ మూడు. దాన్ని తాకింది.

గోడంతా కదిలింది. గడి వెనక గడి తెరుచుకుంది. కోడ్ రెండుగా విడిపోయి దారి ఇచ్చింది. చివరికి నల్లటి లోతులో వెలుగుచుక్కలు మిగిలాయి, ఒక్కో చుక్కా ఒక్కో మనిషి. ఒకదాన్ని తాకితే హాలు నిండా ఊపిరి వినబడింది, మొదటి రోజుది నిండుగా, మూడో ఏడాదిది గరగరమంటూ. ఒక పూట ఒక గొట్టంలోకి ఊది మరిచిపోయిన గాలి ఇన్నాళ్ళకు మనిషి పేరుతో తిరిగొచ్చింది. న్యాయాధికారి కళ్ళద్దాలు తీసేసి చూస్తూ ఉండిపోయాడు. రఘునందన్ కూడా నోరు తెరిచాడు.

వెనక వరసలో సిమ్మ పోలినాయుడు లేచాడు. శ్రీకాకుళం మనిషి, డ్రిల్లు నడుపుతాడు.

"అమ్మా, నాదీ ఒకపాలి ఇనిపించు. మూడేళ్ళు ఊదినాను. కింద ఊళ్ళో మా ఆడది టీవీలో సూస్తంది."

"నువ్వు ఊదితే గొట్టం పగిలుంటాది బావా!" ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

హసీనా నవ్వలేదు. "తర్వాత చూద్దాంలే చిన్నాయనా."

"ఇప్పుడైతే ఏటి?"

పుస్తకమే జవాబు చెప్పింది. అడిగితే చెప్పడమే దాని పని. "పోలినాయుడి ఊపిరి ఉంది. లెక్కలో లేదు. ముప్పై ఎనిమిదోసారి లెక్క నడిపినప్పుడు తీసేశారు."

"ఎందుకు?" అన్నాడు న్యాయాధికారి.

"ఎనభై మందినీ కలిపితే ఇరవై మూడు పాయింట్ ఆరు. ఊపిరి బాగున్న తొమ్మిది మందిని తీస్తే ఇరవై అయిదు దాటింది. అక్కడ ఆపేశారు."

"వాళ్ళు సెలవుకు భూమికి పోయొచ్చినోళ్ళు!" హసీనా గొంతు పెంచింది. "అక్కడి గాలికి కోలుకున్నారు. కలపకూడదు!"

"సెలవుకు వెళ్ళొచ్చినవాళ్ళు ఇరవై ఇద్దరు. మిగతా పదముగ్గురినీ ఉంచారు."

ఇదంతా బయటపెడుతున్నది 'ఆగిన గడి'. ఎన్నిసార్లు నడిపారో, ఏ అంకె దగ్గర చాలనుకుని ఆపారో గుర్తుపెట్టుకునే గడి. కంపెనీ దొంగలెక్కలు పట్టడానికి హసీనాయే పెట్టింది. దొంగలు అవతలే ఉంటారనుకుంది.

పోలినాయుడు మెల్లగా అడిగాడు. "అంటే నాను బాగుండడం తప్పా తల్లీ?"

రఘునందన్ పగలబడి నవ్వాడు. "చూశారా సార్! ఇదండీ వీళ్ళ నిజాయితీ!"

"ఆగు సారూ," అన్నాడు పోలినాయుడు. "తమరి లెక్క కూడా తెరిపించండి."

కంపెనీ లెక్క కూడా ఊటపుస్తకంలోదే. తెరిచారు. రెండు వందల పదకొండు సార్లు నడిపారు. పదకొండు మందిని తీసేశారు. అందులో ముగ్గురు ధూళితోనే చచ్చిపోయినవాళ్ళు. పక్కన కారణం రాసుంది: 'పని మానేశారు.'

ఆ ముగ్గురి చుక్కలూ గోడ మీద వెలిగాయి.

"అందరినీ కలిపిన అంకే చెల్లుతుంది," అన్నాడు న్యాయాధికారి. "ఇరవై మూడు పాయింట్ ఆరు. షిఫ్టు ఆరు గంటలే."

ఆ నిజం ఎవరికీ అక్కర్లేదు. యూనియన్ నాయకుడూ రఘునందనూ ఒక మూలకు పోయారు. చేపల బజారులోలా చేతులు తిప్పారు, తలలు ఊపారు. పావుగంటలో తిరిగొచ్చారు. అయిదు గంటల షిఫ్టుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏ పుస్తకంలో ఏ గడీ చెప్పని అంకె అది. షరతు ఒక్కటే: ఇకమీదట ఏ ఊటపుస్తకంలోనూ ఆగిన గడి ఉండకూడదు.

"అయిదు గంటలు మంచిదే," అన్నాడు పోలినాయుడు. "ఆ గడి ఎవులికి అడ్డమొచ్చింది?"

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు న్యాయాధికారి. గని తెరిచిన పదకొండేళ్ళలో మొదటిసారి కంపెనీవాళ్ళూ పనివాళ్ళూ ఒకే మాట మీద చేతులెత్తారు.

అందరికన్నా ముందు లేచిన చెయ్యి హసీనాది.