బాతుల గోచీ

"అమ్మా! అమ్మా! అమ్మా!"

కేకలు వీధి మలుపు దగ్గరే మొదలయ్యాయి. ఆఖరి కేకకి వసపిట్ట గుమ్మంలో ఉంది. బూట్లు ఒకటి అటూ ఒకటి ఇటూ ఎగిరిపడ్డాయి. బ్యాగు సోఫా మీద పడింది.

వసపిట్ట అంటే నిజంగా పిట్ట కాదు. నాలుగో తరగతి చదివే అమ్మాయి. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని తాతయ్య పెట్టిన పేరు అది. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తు రాదు.

ఆ రోజు ఆమె దగ్గర పెద్ద కబురుంది. శనివారం స్కూలు ప్రోగ్రాంలో స్టేజీ మీద కథ చెప్పడానికి టీచర్ ఆమెను ఎంచుకున్నారు. క్లాసు మొత్తంలో ఆమె ఒక్కదాన్నే! ఈ సంగతి ముందు అమ్మకి చెప్పాలి. మిగతావాళ్లకి ఆ తర్వాతే.

అమ్మ బాత్రూమ్‌లో ఉంది. మోచేతుల దాకా సబ్బు నురగ. పక్కన బకెట్ నిండా తమ్ముడి గుడ్డలు.

"అమ్మా, ఇవాళ టీచర్ ఏమన్నారో తెలుసా..."

"ఒక్క నిమిషం తల్లీ. చేతులు తడిగా ఉన్నాయి. ఇవి జాడించేసి వస్తా."

అమ్మ చెప్పే ఒక్క నిమిషం ఎంత పొడుగో వసపిట్టకి బాగా తెలుసు. జాడించాలి, పిండాలి, ఆరెయ్యాలి. ఈలోగా తమ్ముడు ఏడుస్తాడు. వాడికి పాలు పట్టాలి, ఊయల ఊపాలి. అన్నీ వాడికే.

తమ్ముడు ఇంకా పాకడం కూడా నేర్చుకోలేదు. గుండ్రంగా, బొద్దుగా ఉంటాడని అందరూ బుడంకాయ అంటారు. వాడు పుట్టకముందు రోజులే వేరు. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వసపిట్ట స్కూలు నుంచి రాగానే మిషన్ ఆపేసి, ఆమె జడలు విప్పుతూ కబుర్లన్నీ వినేది. ఎవరు ఎవరిని గిల్లారో, ఎవరి పెన్సిల్ పోయిందో, అన్నీ వినేది.

బుడంకాయ పుట్టాక కూడా కొన్నాళ్లు పర్వాలేదు. వాడికి కొట్లో దొరికే డైపర్లు వేసేవాళ్లు. తడిస్తే తీసి పారెయ్యడమే. కానీ అవి వాడి ఒంటికి పడలేదు. పిర్రలు ఎర్రగా కందిపోయాయి. కొన్నాళ్లు మెత్తటి నూలు గుడ్డలు వేసి చూడమన్నారు డాక్టరమ్మ.

అమ్మ ఆ రోజే మిషన్ ముందు కూర్చుంది. నూలు గుడ్డని మడతలు వేసి, మధ్యలో తువ్వాలు ముక్క పెట్టి, పక్కన గుండీలు పెట్టి బోలెడన్ని కుట్టేసింది. అమ్మ వాటిని గుడ్డ డైపర్లు అంటుంది. తాతయ్య గోచీలు అంటాడు. పేరు ఏదైతేనేం, బుడంకాయ ఒళ్లు నయమైంది. చెత్తబుట్ట కూడా సగం ఖాళీ అయింది. అందరూ సంతోషించారు, వసపిట్ట తప్ప.

ఆమె కబుర్ల టైమంతా ఆ గుడ్డలే మింగేశాయి మరి.

వసపిట్ట మూతి ముడుచుకుని మేడ మీదికి వెళ్లింది. తీగ మీద నడిమధ్యలో, ఎండ బాగా తగిలేచోట బుడంకాయ గుడ్డలు వరసగా ఊగుతున్నాయి. తన యూనిఫాం మాత్రం నీళ్ల ట్యాంకు నీడలో ఓ మూలకి నెట్టేసి ఉంది. ముట్టుకుంటే ఇంకా చెమ్మగానే ఉంది.

"ఎండ కూడా వాడికేనా?" అని గొణుక్కుంది.

అప్పుడు కనబడింది అది. వరస చివర ఊగుతున్న పసుపు గుడ్డ. దాని మీద తెల్ల బాతులు.

తన బాతుల ఫ్రాకు! కాదు, ఇప్పుడది ఫ్రాకు కాదు. బుడంకాయ గోచీ.

దాన్ని తీగ మీంచి లాక్కుని దడదడా మెట్లు దిగింది.

"అమ్మా! నా ఫ్రాకు కత్తిరించేశావా?"

అమ్మ తలెత్తి చూసింది. "అదా? నువ్వు తప్పటడుగులు వేసేటప్పటిది కదే. ఇప్పుడు నీ మోచెయ్యి కూడా పట్టదు అందులో. ఇంట్లో అంతకంటే మెత్తటి గుడ్డ ఇంకోటి లేదు." అంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి వసపిట్టకి ఒళ్లు మండిపోయింది.

"నన్ను అడిగావా మరి?"

అమ్మ ఏదో చెప్పబోయింది. అంతలో గదిలో బుడంకాయ కెవ్వుమన్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తింది.

వసపిట్ట ఒక్కతే మిగిలింది. లోపల కుతకుత ఉడికిపోతోంది. అది కోపం అనుకుంది గానీ అసలు సంగతి కుళ్లు. అచ్చమైన కుళ్లు. అమ్మ వాడిది. ఎండ వాడిది. ఇప్పుడు బాతులు కూడా వాడివే.

బకెట్‌లో ఆఖరిసారి జాడించాల్సిన గుడ్డలు మంచినీళ్లలో తేలుతున్నాయి. పైన అరలో నీలం సీసా ఉంది. పెద్దవాళ్ల బట్టలు మెత్తగా, మంచి వాసనగా ఉండాలని ఆఖరి నీళ్లలో కలిపే లిక్విడ్ అది. అమ్మ మొదటిరోజే చెప్పింది. "ఇది తమ్ముడి గుడ్డల్లో మాత్రం పొయ్యకు. జిడ్డులా పట్టేస్తుంది. ఇక గుడ్డ తడి పీల్చదు."

తడి పీల్చకపోతే గుడ్డలు పనికిరావు. పనికిరాకపోతే మళ్లీ కొట్లో డైపర్లే వస్తాయి. అవి వస్తే ఉతుకుడు ఉండదు. ఉతుకుడు లేకపోతే అమ్మకి బోలెడంత తీరిక.

ప్లాన్ బ్రహ్మాండంగా కుదిరింది. వసపిట్ట మూత తిప్పి, గబగబా పోసేసింది. చేతిలో ఉన్న బాతుల గుడ్డని కూడా అందులోనే ముంచింది. మేడ మీదివి మళ్లీ ఉతుకుడికి వచ్చినప్పుడు వాటిలోనూ పోసింది.

స్టేజీ సంగతి ఇక ఎవరికీ చెప్పలేదు. అలిగింది కదా!

మర్నాడు సాయంత్రం తాతయ్య ఇస్త్రీ ప్యాంటు వేసుకుని స్నేహితుల దగ్గరికి బయల్దేరుతూ, బుడంకాయని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"ఆహా! మనవాడు ఇవాళ పూలకొట్టులా గుబాళిస్తున్నాడే!"

వసపిట్ట చటుక్కున పుస్తకంలో తల దూర్చింది.

"ఏమో మావయ్యగారూ, నాకు ముక్కు దిబ్బడేసింది. ఏ వాసనా తెలియడం లేదు," అంది అమ్మ. ఎప్పుడూ నీళ్లలో నానడంతో ఆమెకి జలుబు పట్టుకుంది.

అంతలో తాతయ్య ఉలిక్కిపడి లేచాడు. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది.

"ఓరి నాయనో! ఎవరైనా ఈ కుళాయి కట్టెయ్యండర్రా!"

వసపిట్ట పకపకా నవ్వింది. ప్లాన్ పనిచేస్తోంది!

పనిచేసింది గానీ, మరీ ఎక్కువ పనిచేసింది. గుడ్డ వేసిన ప్రతిసారీ తడి బయటికి కారిపోయింది. పక్క దుప్పటి తడిసింది. సోఫా కవరు తడిసింది. అమ్మ బట్టలు తడిశాయి. బకెట్ ఒకటి చాలక ఇంకోటి తెచ్చారు. అమ్మ ఇప్పుడు "ఒక్క నిమిషం తల్లీ" అనడానికి కూడా ఆగడం లేదు. ఇలా అవుతుందని వసపిట్ట అనుకోలేదు.

గురువారం స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో బుడంకాయ ఏడుపు ఒక్కటే వినిపిస్తోంది. తలుపు చాటు నుంచి తొంగి చూసింది. అమ్మ నేల మీద కూర్చుని వాడి పిర్రలకి మందు రాస్తోంది. అవి మళ్లీ ఎర్రగా కందిపోయాయి. ఈసారి చిన్న చిన్న పొక్కులు కూడా వచ్చాయి.

నాన్న బస్సు డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. డ్రైవర్ చొక్కా కూడా విప్పలేదు.

"పోనీ కొట్లో డైపర్లే తెచ్చెయ్యనా?" అన్నాడు.

వసపిట్ట కోరుకున్న మాట అదే. కానీ సంతోషం రాలేదు.

"అవీ వాడికి పడవు కదండీ," అంది అమ్మ. "నేనే సరిగ్గా ఉతకడం లేదేమో. సబ్బు మిగిలిపోతోందేమో. పసివాడి ఒళ్లు నా చేతులారా ఇలా చేస్తున్నాను."

అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ వేళ్లు నీళ్లలో నాని నాని ముడతలు పడిపోయాయి.

అంతలో బుడంకాయ తలతిప్పి తలుపు వైపు చూశాడు. అక్క కనబడింది. ఏడుపు ఆపి, బోసినోటితో నవ్వాడు. కళ్లలో నీళ్లు అలాగే ఉన్నాయి. వసపిట్ట గబుక్కున తలుపు వెనక్కి తప్పుకుంది. ఆ నవ్వు చూడలేకపోయింది.

భోజనాల దగ్గర తాతయ్య అడిగాడు, "ఏంటే, వసపిట్ట నోటికి తాళం ఎవరేశారు?"

వసపిట్ట కంచంలో అన్నం అటూ ఇటూ నెట్టింది. లేచి వెళ్లింది. బాతుల గుడ్డ, గ్లాసుతో నీళ్లు, ఒక చెంచా పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చింది. గుడ్డని నేల మీద పరిచి, చెంచాతో నీళ్లు పోసింది.

నీళ్లు లోపలికి ఇంకలేదు. చేమాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడ్డాయి. జారి, నేల మీదికి పోయాయి.

అమ్మ గుడ్డని వేళ్లతో రుద్ది చూసింది. "ఇది... నీలం సీసా లిక్విడ్ పట్టిన గుడ్డలా ఉందే?"

"నేనే పోశానమ్మా. అన్నిట్లో."

"తెలియక పోశావా?"

ఆ మాట దగ్గర వసపిట్ట ఆగిపోయింది. అవును అంటే చాలు. అంతటితో అయిపోతుంది. అమ్మ నమ్మేస్తుంది కూడా.

"కాదు," అంది. "తెలిసే పోశాను."

అమ్మ గుడ్డని నేల మీద పెట్టేసింది. అరిచినా బాగుండేది. "ఎందుకే?" అని మాత్రం అడిగింది.

"ఈ గుడ్డలు పాడైతే నువ్వు నా కబుర్లు వింటావని. ఎల్లుండి నేను స్టేజీ మీద కథ చెప్పాలి. అది చెబుదామని వస్తే నీ చేతులు తడిగా ఉన్నాయి. ఎప్పుడూ తడిగానే ఉంటాయి!" వసపిట్ట వెక్కివెక్కి ఏడ్చింది. "నా బాతులు కూడా వాడికే ఇచ్చేశావు."

అమ్మ ఆమెను దగ్గరికి తీసుకోలేదు. ముఖం ఇంకా బిగుసుకునే ఉంది. "నా మీద కోపం వస్తే నాతో పోట్లాడాలి. మాట కూడా రానివాడు, వాడేం చేశాడే నిన్ను?"

వసపిట్ట నేల మీద కారిన నీళ్లని గౌను అంచుతో తుడిచింది.

"ఊఁ, పద. తాతయ్యని పెద్ద గిన్నెలో నీళ్లు కాచమను. గుడ్డలన్నీ పట్టుకురా. ఒక్కటి కూడా మిగలకూడదు. ఇవాళ ఇద్దరం కలిసి ఉతుకుదాం."

అవి ఆరేదాకా నాన్న పాత బనియన్లే బుడంకాయకి గోచీలయ్యాయి.

అమ్మ వేడినీళ్లలో గుడ్డలు ముంచి రుద్దింది. వసపిట్ట చల్లనీళ్లలో జాడించి, వాసన చూసింది. అమ్మ ముక్కు పనిచేయడం లేదు కాబట్టి ఆమె ముక్కే దిక్కు.

"పోయిందా?"

"లేదమ్మా. ఇంకా పూల వాసనే."

మళ్లీ వేడినీళ్లు, మళ్లీ జాడింపు. వసపిట్ట చేతులు పీకాయి. వేళ్లు అమ్మ వేళ్లలాగే ముడతలు పడ్డాయి. ఇక జన్మలో పూల వాసన చూడకూడదు అనుకుంది.

"సరే, చెప్పు మరి. స్టేజీ మీద ఏం కథ?" అంది అమ్మ ఉన్నట్టుండి.

వసపిట్ట ఆశ్చర్యంగా చూసింది. "నీ చేతులు తడిగా ఉన్నాయిగా?"

"చేతులేగా తడి. చెవులు పొడిగానే ఉన్నాయి. ఆ రోజు కూడా పొడిగానే ఉన్నాయి. నాకే తోచలేదు."

వసపిట్ట కథ మొదలుపెట్టింది. చెబుతూ జాడించింది, జాడిస్తూ చెప్పింది. నవ్వాల్సిన చోట అమ్మ సరిగ్గా నవ్వింది.

శనివారం పొద్దుటికి గుడ్డలన్నీ ఆరాయి. బుడంకాయ పిర్రల ఎరుపు చాలావరకు తగ్గింది. చెంచాతో నీళ్లు పోస్తే గుడ్డ గటగటా తాగేసింది. అయినా వసపిట్టకి నమ్మకం కుదరలేదు.

స్టేజీ కోసం కొత్త ఫ్రాకు వేసుకుంది. జడలు వేయించుకుంది. తర్వాత చేతులు చాచింది.

"అమ్మా, వాణ్ణి ఇలా ఇవ్వు. బాతులదే వేశావుగా?"

"అదే వేశాను. కానీ కొత్త ఫ్రాకే! కింద తువ్వాలు వేసుకో."

"అక్కర్లేదు."

తాతయ్య దూరంగా జరిగాడు. "నేను మాత్రం నిలబడే ఉంటాను బాబూ."

బుడంకాయ అక్క ఒళ్లో కూర్చుని కొత్తగా వేసిన జడ పట్టుకుని పీకాడు. చాలాసేపు పీకాడు. తర్వాత ఉన్నట్టుండి కదలకుండా అయిపోయాడు. కళ్లు ఫ్యాను మీద నిలిచాయి. ఆ చూపు ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు.

వసపిట్ట వాణ్ణి దింపలేదు. ఊపిరి బిగబట్టి కూర్చుంది.

కాసేపాగి వాణ్ణి పైకెత్తింది. గోచీ బరువుగా ఉంది. ఫ్రాకు తడిమి చూసుకుంది.

"పొడి! అమ్మా, పొడిగా ఉంది!"

అమ్మ వచ్చి బుడంకాయకి ఓ ముద్దు పెట్టింది. వసపిట్టకి కాస్త చురుక్కుమంది. కాస్తే. "వాడి గోచీ నేనే మారుస్తానమ్మా," అంది వసపిట్ట.

వాడికి వేరే గుడ్డ వేసి, బాతుల గుడ్డని తనే ఉతికి, మేడ మీదికి తీసుకెళ్లింది. ఇవాళ తీగ నడిమధ్యలో, మంచి ఎండలో తన యూనిఫాం ఉంది. అమ్మ అక్కడ ఆరేసింది. వసపిట్ట దానివైపు ఓసారి చూసింది. ఇంకోసారి చూసింది. మెల్లగా దాన్ని పక్కకి జరిపింది. ఆ ఎండలో బాతులని ఆరేసి, క్లిప్పు పెట్టింది.

కింది నుంచి అమ్మ పిలిచింది. "వసపిట్టా! స్టేజీ టైమవుతోంది! ఎక్కడున్నావే?"

"ఒక్క నిమిషం అమ్మా!" అని అరిచింది వసపిట్ట. "చేతులు తడిగా ఉన్నాయి!"