క్రిసాంతా అని పిలిచిన మధ్యాహ్నం

మా మేనత్త రెమెడియోస్ పోయి ఆ రోజుకి నలభై రోజులు. ఫిలిప్పీన్స్‌లోని గిమరాస్ దీవిలో ఆమె ఇంట్లో ప్రార్థన అయింది. వచ్చినవాళ్లు పాన్సిట్ నూడుల్స్ తిని మధ్యాహ్నం పడవకి వెళ్లిపోయారు. గిన్నెలు తోమడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

నా పేరు క్రిసాంతో. పుట్టినప్పుడు ఆడపిల్లని, క్రిసాంతా. పదేళ్లు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్లు వేసుకున్నాను. మధ్యలో ఆపరేషన్ చేయించుకుని అండాశయాలు తీయించుకున్నాను. మూడేళ్ల కిందట అత్త మంచాన పడింది. చూసేవాళ్లు లేక నేనే వచ్చాను. దీవిలో ఇంజెక్షన్ దొరకదు. మానేశాను.

"ఒంట్లో ఏ హార్మోనూ లేకుండా ఏళ్ల తరబడి ఉంటే ఎముకలు గుల్లబారతాయి," అని సిటీలో నాకు ఇంజెక్షన్లు రాసిన డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను వినలేదు.

అత్తకి మాత్రం సంబరం. "మందు మానేశావుగా. ఇక నా పిల్ల నాకు తిరిగొచ్చేస్తుంది," అని మంచం మీంచే నవ్వేది. నెలలు గడిచినా నా గడ్డం పోలేదు, గొంతు మారలేదు. ఆమెకి ఒళ్లు మండిపోయేది. "ఎక్కడ దాచావే దాన్ని?" అంటూ నా చెయ్యి గిల్లేది.

ఆ మధ్యాహ్నం గాలి ఆడటం లేదు. ఒంట్లోంచి సెగలు పొంగుతున్నాయి, మందు మానేశాక రోజూ ఉన్నదే. ఉన్నట్టుండి కొబ్బరినూనె, పుండ్ల మందు కలిసిన వాసన. వెనక గదిలో అత్త పడుకున్న వెదురు మంచం కిర్రుమంది.

"క్రిసాంతా..."

గిన్నె తోముతూనే ఉన్నాను.

"లోపలే ఉందిగా... బయటికి పంపవే..."

"అది లేదత్తా," అన్నాను. "ఎప్పుడూ లేదు. ఉన్నది నేనే."

కిర్రుమనడం ఆగింది. అడుగుల చప్పుడు లేదు. వాసన మాత్రం దగ్గరికొచ్చింది... వీపు దాకా... మెడ దాకా...

తొట్టి నీళ్లలో నా మణికట్టు చుట్టూ చల్లగా ఏదో బిగిసింది. చూస్తే నా చెయ్యి తప్ప ఏమీ లేదు. లాక్కున్నాను. ఇంకా బిగిసింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు.

అరుస్తూ రేవుకి పరిగెత్తాను.

సిటీ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసినతను ఫిల్ము చూసి విసుక్కున్నాడు. "తీసేటప్పుడు ఎవరు పట్టుకున్నారు బాబూ నీ చెయ్యి?"

"ఎవరూ లేరు సార్. మీరే చూశారుగా."

ఫిల్ములో నా ఎముకలు పొగలా పలచగా ఉన్నాయి. వాటి చుట్టూ మరో అయిదు వేళ్ల ఎముకలు. తెల్లగా, దిట్టంగా.

డాక్టరమ్మ తిట్టి, మళ్లీ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. రెండు నెలలకి కట్టు విప్పి, చెయ్యంతా ఎక్స్‌రే తీయించింది. మణికట్టు అతుక్కుంది.

ఫిల్ములో ఆ వేళ్లు మోచేతి దాకా వచ్చాయి.